ఐదు కంకుల పచ్చజెండా

కర్నూలు,
5-7-1954

ప్రియమైన హంపమ్మకు,

నేను క్షేమం. నీ జాబు అందింది. మన నల్లగవిలో మంచినీళ్ళ బావి అడుగంటిందనీ, రెండు మైళ్ళ అవతల వంకలో చెలమ తవ్వుకొని బిందెలు మోస్తున్నావనీ రాశావు. చదివి చాలా బాధపడ్డాను. అందుకే ఈ జాబును పొయ్యి ముందు కూర్చొని సగం చదివి పక్కన పడెయ్యకుండా శ్రద్ధగా చదువు.

మూడేండ్లుగా పార్టీ పార్టీ అని ఇల్లు వదిలి తిరుగుతున్నానని ఎత్తిపొడుస్తావు గదా. ఇప్పుడు దాని ఫలం చూడు. మన కర్షకజన పార్టీని ప్రపంచ కర్షక పార్టీల కూటమిలో చేర్చుకున్నారు. పదిహేడు దేశాల రైతు పార్టీలు అందులో ఉన్నాయి. పెద్ద ఆఫీసు బెల్జియం దేశంలో ఉంది. కర్నూలు, కడప జిల్లాలు దాటితే మన పార్టీ పేరు తెలిసినవాడు లేడు. అటువంటిది ఇవాళ పదిహేడు దేశాల పక్కన మన పేరు అచ్చయింది.

సెప్టెంబరు రెండో వారంలో ఆ కూటమి ప్రతినిధి ఒక దొర మన దేశానికి వస్తున్నాడు. ఆయన ఒక పల్లెలో పార్టీ శాఖను చూసి ఫొటో తీసుకొని పోతాడు. నల్లగవి పేరు నేనే ఇచ్చాను. శాఖ పద్ధతిగా ఉందని ఆయన రాస్తే చాలు, కూటమి తరఫున బోరు వేసే యంత్రమూ, నీళ్ళు తోడే ఆయిలింజనూ మన ఊరికి వస్తాయి. ఇంక నువ్వు బిందె మోసే పని ఉండదు.

కూటమి జెండా బొమ్మను ఈ కవరులో పెట్టాను. పచ్చని గుడ్డ. నడుమ తెల్లని అరచెయ్యి. ఐదు వేళ్ళ కొసల నుంచి ఐదు గోధుమ కంకులు. ఐదు ఖండాల రైతులని దాని అర్థం. బొటనవేలు కుడివైపు ఉండాలి. బొంతలు కుట్టడంలో నీ చెయ్యి గొప్పదని ఊరంతా చెప్పుకుంటారు కాబట్టి నువ్వే కుట్టు. వెంట్రుకవాసి తేడా రాకూడదు.

నీ
కంబన్న

* * *

నల్లగవి,
14-7-1954

ప్రియమైన ఇంటాయనకు,

జాబు కుశలంతో మొదలుపెట్టాలంటారు. మీ కుశలం మీరు రాశారు. నాది వంకలో చెలమ దగ్గర ఊరుతోంది. ఊరినాక రాస్తాను.

మీ జాబు ఊళ్ళో చదివి వినిపించాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, ఇంజను యాడ పెట్టాలని ఊరి పెద్ద అయ్యన్న మామ అప్పుడే జాగా చూస్తున్నాడు. పాపం, ఆయన్ని అనకూడదు. ఆయన మాట మీద ఊరు రెండు బావులు తవ్వింది. రెండింట్లోనూ బండే తగిలింది. మూడో బావి మాట ఎవరైనా ఎత్తితే ఊరు కొట్టడానికి వస్తుంది. అందుకని ఇంజనంటే ఆయనకు దేవుడు దిగివచ్చినట్టుంది.

జెండా కుట్టాను. పచ్చగుడ్డ పత్తికొండలో దొరకలేదు. పీర్లచావిడి చూసుకునే ఉసేన్ సాబు మామ, పీర్లకు కట్టే గుడ్డలో మిగిలిన ముక్క ఇచ్చాడు. తెల్లగుడ్డ మీ పాత పంచెది. కంకుల దగ్గర ఒక చిక్కు వచ్చింది. గోధుమ కంకి ఎట్లుంటుందో ఈ ఊళ్ళో చూసినవాళ్ళు లేరు. మీ బొమ్మలో అది ఎలుక తోకలాగ ఉంది. కాబట్టి మన చేలో పండే కొర్రకంకులు కుట్టాను. నిండుగా వంగి చూడముచ్చటగా ఉన్నాయి. అంచుకు ఎర్రదారంతో కుట్టు వేశాను. ఆ దారం ఇంకా ఒక ఉండ మిగిలింది.

కర్నూలు వస్తున్న శేషన్న చేతికిచ్చి జెండా పంపుతున్నాను. చూసి తిప్పి పంపండి. వీలైతే మీరే తెచ్చివ్వండి. ఒంటిచేత్తో ఎనిమిదెకరాలు విత్తినాను. వాన లేక సగం మొలవలేదు. అది చూసేందుకైనా ఒక్కసారి రావచ్చు గదా.

మీ
హంపమ్మ

* * *

కర్నూలు,
20-7-1954

ప్రియమైన హంపమ్మకు,

జెండా చూశాను. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కార్యవర్గం ముందు పరిచాను. పెద్దలంతా నా మొహం చూశారు. కడప నుంచి వచ్చిన మా అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకొని, “ఏమప్పా, ఇది కొర్ర గదా?” అన్నాడు.

గోధుమ అంటే గోధుమే హంపమ్మా. బెల్జియం దొరకు కొర్రలు తెలియవు. పదిహేడు దేశాలవాళ్ళు కూర్చొని ఖాయం చేసిన గుర్తును నల్లగవిలో నువ్వు మార్చేస్తే ఎట్లా? ఎర్ర అంచు ఎవరు వెయ్యమన్నారు? పైగా బొటనవేలు ఎడమవైపుకు వచ్చింది. కుడి అని కింద గీత గీసి మరీ రాశాను.

విప్పి కుట్టే వ్యవధి లేదు. శేషన్న చేతికే తిప్పి పంపుతున్నాను. ఆగస్టు ఒకటో తారీకున చావిడి ముందున్న మిట్ట మీద ఎగరెయ్యండి. కర్ర పదడుగులు ఉండాలి. నలభైమంది సభ్యుల చేత వేలిముద్రలు వేయించి పంపు. నేను రాలేను. దొర వచ్చేదాకా ఇక్కడ ఊపిరాడని పని.

నీ
కంబన్న

* * *

నల్లగవి,
4-8-1954

ప్రియమైన ఇంటాయనకు,

బొటనవేలి సంగతి ముందు. ముందు నుంచి చూస్తే ఎడమ, వెనక నుంచి చూస్తే కుడి. దొరను వెనక నిలబడి చూడమనండి.

మీరు చెప్పిన రోజునే ఎగరేశాం. మిట్ట మీద కర్ర పాతడానికి గుంత నేనే తవ్వాను. మగవాళ్ళు చావిడికి సున్నం వేసే పనిలో ఉన్నారు. ఒక సంగతి రాయాలి, శ్రద్ధగా చదవండి. మొలలోతు పోయేసరికి మన్ను చల్లగా తగిలింది. పిడికిట పట్టి పిసికితే ముద్ద కట్టింది. చుట్టూ నేలంతా పెంకులాగ ఉంటే ఇక్కడ మాత్రం తడి. అయ్యన్న మామను పిలిచి చూపించాను. “ఆడోళ్ళు గుంత తవ్వితే యాడైనా తడే కనబడతాది. నోరు మూసుకొని కర్ర పాతు” అన్నాడు. ఆయన మీద కోపం లేదు. రెండుసార్లు బండ తగిలినవాడు. మీరు ఒక్క మాట రాస్తే వింటాడు. మీరు పార్టీవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. ఆ మిట్ట మీద తవ్వమని ఆయనకు ఒక కార్డు రాయండి.

ఇంకొకటి. జెండా ఎగరేసిన రెండోనాడు పొద్దున చూస్తే కర్రకు ఎర్రదారం కట్టి ఉంది. మన పక్కింటి భీమమ్మ అవ్వ చూసి కెవ్వుమని, అక్కడికక్కడే బెల్లం ముక్క పెట్టి మొక్కింది. పచ్చగుడ్డ, దానిలో పీర్ల పంజా లాగ తెల్లని చెయ్యి. “సామి తనంతట తానే వచ్చినాడే! పంజా వేళ్ళ నుంచి కొర్రలు కురిపిస్తాండాడు సూడు” అంటుంది. ఆ సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. ఇంకేముంది. మరునాటికి కర్ర నిండా దారాలే. ఊదు పొగలో మీ ఖండాలు ఐదూ కనబడటం లేదు.

వేలిముద్రలు నలభై కావాలన్నారు. నూట ఆరు వచ్చాయి. సామి చీటీ అనుకొని వేశారు.

మీ
హంపమ్మ

* * *

కర్నూలు,
11-8-1954

హంపమ్మకు,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. తలకాయ పగిలిపోతోంది.

దారాలా? ఊదా? రైతు తన కాళ్ళ మీద తాను నిలబడాలి, మూఢనమ్మకాలు పోవాలి అని ఊరూరా గొంతు చించుకున్న మనిషిని నేను. నా సొంత ఊళ్ళో, నా పెండ్లాం కుట్టిన పార్టీ జెండాకు బెల్లం పెట్టి మొక్కుతున్నారా! పీర్ల గుడ్డతో ఎందుకు కుట్టావు? ఆ రంగు ముక్క పత్తికొండలో లేకపోతే కర్నూలుకు రాసి ఉంటే నేను పంపేవాణ్ణి గదా. దొర వచ్చి దాన్ని ఫొటో తీస్తే, పదిహేడు దేశాల పత్రికల్లో మన పార్టీ ఏమవుతుంది? ఇంజను మాట దేవుడెరుగు, కూటమి నుంచి మెడపట్టి గెంటుతారు.

అయ్యన్న మామకు నేను వేరే జాబు రాశాను. దారాలన్నీ తెంచి, జెండా ఉతికి, రైతు గుర్తు అంటే ఏమిటో ఊరికి విడమరిచి చెప్పమన్నాను. ఉసేన్ సాబు మామ చేత కూడా అది పీరు కాదని చెప్పించు. ఆయన మాట ఎవరూ కాదనరు.

సెప్టెంబరు పన్నెండుకు దొర వస్తాడు. ఆలోపల శుభ్రం కావాలి.

కంబన్న

* * *

నల్లగవి,
22-8-1954

ప్రియమైన ఇంటాయనకు,

మీకు చెయ్యి రాకపోయినా నాకు వచ్చింది, అందుకని ప్రియమైన అనే రాశాను.

మీ జాబు అయ్యన్న మామకు చేరింది. నాలుగు పుటలు. రైతు స్వావలంబన అని మొదటి పుటలోనే ఉంది. ఆయన కొంతదాకా చదివించుకొని, “కంబన్న శానా సదివినాడు, పాపం” అని మడిచి మొలలో దోపుకున్నాడు. ఆ నాలుగు పుటల్లో తడిమన్ను మాట ఉంటుందేమోనని నేను ఆశగా విన్నాను. లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని.

దారాలు తెంచమన్నారు. మీరు వచ్చి తెంచండి. నేను చెయ్యి పెడితే భీమమ్మ అవ్వ నా చెయ్యి విరుస్తుంది. ఉసేన్ సాబు మామను అడగమన్నారు. అడిగాను. ఆయనతో ఇంకా కొంత మాట్లాడాను, అది తర్వాత రాస్తాను.

ఇంకొక పది రోజుల్లో నెలవంక కనబడితే పీర్ల పండుగ మొదలు. ఏటా చావిడి ముందు నిప్పుల గుండం తవ్వుతారు గదా. ఈసారి జెండా సామి కాడ కూడా ఒక గుండం తవ్వాలని ఊరు పట్టుబట్టింది. దొర వచ్చేటప్పటికి ఆ మిట్ట ఎట్లుంటుందో నేను చెప్పలేను. మీరు తిట్టేది తిట్టండి.

మీ మీద నాకు కోపం ఉంది. తిరిగే మొగుడి మీద కోపం కాదు అది, అలవాటైంది. చెప్పేది వినని మొగుడి మీద కోపం. భుజం మీద బిందె రాసుకొని కాయ కాసింది. మీ పదిహేడు దేశాల్లో నీళ్ళెవరు మోస్తారో ఆ దొరను అడిగి రాయండి.

మీ
హంపమ్మ

* * *

కర్నూలు,
3-9-1954

ప్రియమైన హంపమ్మకు,

ఈ జాబు రాయడానికి మూడు రోజులు పట్టింది.

దొర రావడం లేదు. కూటమి పగిలిపోయింది. దేనికో తెలిస్తే నువ్వు నవ్వుతావు. నవ్వు, నేనేమీ అనుకోను. వరి పండించే దేశాలవాళ్ళు, ఐదు వేళ్ళకూ గోధుమే ఉంటే మా కంకి ఏదని అడిగారట. మొక్కజొన్నవాళ్ళు వాళ్ళకు వంత పాడారట. సభలో రెండు రోజులు కంకుల మీదే తగాదా. చివరికి సగం దేశాలు లేచిపోయి నీలం జెండా మీద నాగలి పెట్టుకున్నాయి. మిగిలిన సగం చెయ్యి తీసేసి ఉత్త పచ్చగుడ్డ ఉంచుకున్నాయి. ఐదు కంకుల జెండాను ఎవరూ ఎక్కడా ఎగరెయ్యకూడదని రెండు పక్షాలూ సర్క్యులర్ పంపాయి. వాళ్ళు ఏకమైంది ఆ ఒక్క మాట మీదే.

కొర్రలు కుట్టావని నిన్ను నలుగురిలో పలచన చేశాను. నువ్వు సూదితో చేసిన పనికే అక్కడ పెద్దపెద్దవాళ్ళు కొట్టుకు చచ్చారు. నన్ను మన్నించు.

ఇంజను లేదు. బోరు లేదు. మా ఆఫీసు గది కూడా ఖాళీ చేస్తున్నాం. అధ్యక్షుడు కడపకు పోయి నీలం జెండాలో చేరాడు. నన్నూ రమ్మన్నాడు. నేను పోలేదు. అట్లని ఊరికీ రాలేను. ఇంజను తెస్తానని జాబు రాసి ఊరంతటికీ ఆశ పెట్టినవాణ్ణి. నువ్వు బిందె ఎత్తుకొని ఎదురు వస్తే ఏ మొహం పెట్టుకొని రాను? కొన్నాళ్ళు ఇక్కడే ఏదైనా గుమాస్తా పని చూసుకుంటాను.

ఆ జెండా దించెయ్యి. ఇక అది ఎవరిదీ కాదు.

నీ
కంబన్న

* * *

నల్లగవి,
16-9-1954

ప్రియమైన ఇంటాయనకు,

జెండా దించను. ఎవరిదీ కాదన్నారు గదా. అయితే ఊరిది.

ఇప్పుడు నేను చెప్పేది మొదటి నుంచి చివరిదాకా చదవండి. ఇన్నాళ్ళూ మీకు నిజం సగమే రాశాను. కర్రకు మొదటి ఎర్రదారం కట్టింది నేను. అంచు కుట్టగా మిగిలిన ఉండలోదే. మీకు జాబు రాసి చెప్పినా, అయ్యన్న మామకు మన్ను ముద్ద చేతిలో పెట్టినా ఒక్కరూ వినలేదు. మీరు గోధుమ అంటిరి, ఆయన నోరు ముయ్యమనె. ఆడదాని మాట మీద ఈ ఊరు గడ్డపార ఎత్తదు. పార్టీ మాట మీదా ఎత్తదు. పీరు మాట మీద ఎత్తుతుంది. పచ్చగుడ్డ, తెల్లచెయ్యి మీరే పంపితిరి. నేను దారం మాత్రం కట్టాను.

కట్టినాక భయం పట్టుకుంది. దేవుడి పేరు చెప్పి మోసం చేస్తున్నానని అన్నం సహించలేదు. ఉసేన్ సాబు మామ కాడికి పోయి ఉన్నదంతా చెప్పి ఏడ్చాను. ఆయన గడ్డం నిమురుకున్నాడు. “అది పీరు కాదని నాకు తెలీదా తల్లీ? గుడ్డ ఇచ్చినోణ్ణి నేనే గదా” అన్నాడు. తర్వాత, “గుక్కెడు నీళ్ళు లేక దాహంతో పానాలు ఇడిసినోళ్ళ కోసరం చేసే పండగమ్మా ఇది. ఈ దినాల్లో నీళ్ళ కోసరం తవ్వితే ఆ దేవుడు కోపం చేసుకుంటాడా? నువ్వు అబద్ధం మళ్ళా చెప్పొద్దు. నేనే తవ్వమని చెప్తా, నా మాటగా” అన్నాడు.

ఆయన వద్దనేలోపే ఇంకొక అబద్ధం చెప్పేసి ఉన్నాను. సామి కలలో కనబడి, నా గుండం లోతుగా ఉండాలన్నాడని భీమమ్మ అవ్వతో అన్నాను. కల ఏమీ రాలేదు. నిద్ర పడితే గదా కల.

నెలవంక కనబడిన మరుసటి దినం ఉసేన్ సాబు మామ చావిడి ముందు నిలబడి చెప్పాడు. “నిప్పుల గుండం ఏటా తవ్వే కాడనే. జెండా కాడ తవ్వేది నీళ్ళ గుండం. అది పీరు మాట కాదు, నా మాట. ముసిలోడి మాట ఇంటే ఇనండి, లేకుంటే లేదు” అన్నాడు. అందరూ అయ్యన్న మామ వైపు చూశారు. ఆయన పంచె ఎగ్గట్టి గడ్డపార తీసుకున్నాడు.

జెండా కర్రను నాలుగు బారలు అవతలికి జరిపి, తడి తగిలిన పాత గుంత కాడనే తవ్వారు. మొదటి నిలువు ఒక దినంలో పోయింది. రెండో నిలువు దగ్గర సుద్దమన్ను. ఐదో దినం గడ్డపార ఠంగున మోగింది. అయ్యన్న మామ మొహంలో నెత్తురు లేదు. నేను చచ్చిపోతే బాగుండునని నిజంగా అనుకున్నాను. చూస్తే అది బండ కాదు, విడిగా ఉన్న గుండురాయి. ఆరుగురు కలిసి పెళ్ళగించారు. దాని కింది నుంచి నీళ్ళు చీమలు పాకినట్టు వచ్చాయి. ఏడో దినానికి మూడు నిలువుల గుంతలో మొలబంటి నీళ్ళు. తియ్యగా ఉన్నాయి. పండుగ పదోనాడు పీర్లను సాగనంపి వచ్చినవాళ్ళందరికీ ఆ నీళ్ళతోనే పానకం కలిపి పోశాం.

అయ్యన్న మామ నా కాడికొచ్చి, “ఆ దినం తడి మన్ను చూపిస్తివి గదమ్మా, నేనే ఇననైతి” అన్నాడు. తప్పు ఒప్పుకున్న మగవాణ్ణి మన ఊళ్ళో ఆయన్నే చూశాను. మీ పోయిన జాబు అందేదాకా.

దారం సంగతి ఊరికి చెప్పలేదు. మీకూ, ఉసేన్ సాబు మామకూ తప్ప తెలియదు. నా తప్పు నేను మోస్తాను. బిందె కంటే అదేమీ బరువు లేదు.

మీరు రాననడం చదివి మనసు చివుక్కుమంది. మీ పార్టీ పోయినందుకు కాదు. మూడు జాబుల్లో నేను దాహమని రాస్తే మీరు జెండా అన్నారు. ఇప్పుడు జెండా పోయిందని మీరు రాస్తే, అదొక్కటీ నాకు కష్టమనిపించింది. మీరు అంత ఆశపడ్డారని నాకు తెలుసు.

బావికి ఒడ్డు కట్టడం అయింది. ఇంజను అక్కర్లేదు. ఎద్దులతో నీళ్ళు తోడే కపిల పెడితే తాగడానికీ చాలు, మన చేలో వాడిపోతున్న కొర్రకూ చాలు. తోలు బాన అయ్యన్న మామ ఇచ్చాడు. ఎద్దులు మనవి ఉన్నాయి. తోలే మనిషి లేడు. రెండు దినాలు నేనే తోలాను. బానను బావిలోకి దించడానికి వెనక్కి నడిచేటప్పుడు ఎద్దులు నా మాట వినడం లేదు. ఈ ఊళ్ళో నా మాట విననివాటిలో అవి కూడా చేరాయి.

ఏ మొహం పెట్టుకొని రాను అని అడిగారు. ఉన్న మొహమే తీసుకురండి. వేరేది నాకు అలవాటు లేదు.

వస్తూ పత్తికొండలో కపిలకు ముప్పై మూరల మోకు కొనుక్కొని రండి. ఇక్కడిది పీచులు లేచింది, ఈ వారం దాటితే తెగుతుంది.

మీ
హంపమ్మ